పాత పాటల అభిమానుల గ్రూపు: వాట్సాప్ నిండిపోయాక ఎక్కడికి వెళ్లాలి?

నమస్తే అండీ. మీరు అడిగినదాన్ని ముందు రెండు ముక్కల్లో చెబుతాను, చదివే మిగతావాళ్లకూ తెలుస్తుంది. 1950ల నుంచి 80ల దాకా వచ్చిన తెలుగు సినిమా పాటల మీద మీరు నడిపే వాట్సాప్ గ్రూపు నిండిపోయింది. సభ్యుల్లో ఎక్కువమంది అరవై దాటినవాళ్లు. విజయవాడ, హైదరాబాద్, చెన్నైలలో కొందరు, అమెరికాలో కొందరు. నెల క్రితం ఎవరో రాసిన మంచి సంగతి ఇవాళ వెతికితే దొరకదు. ఫేస్‌బుక్కా, టెలిగ్రామా, మీ అబ్బాయి అంటున్నట్టు డిస్కార్డా (కుర్రకారు ఎక్కువగా వాడే చాట్ యాప్), సొంత వెబ్‌సైటా అన్నది మీ సందేహం. ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది చివరి ప్రశ్న.

నాలుగింట్లో ఒకటి ఎంచుకోవాలని చూడకండి. మీ గ్రూపులో రెండు పనులు కలగలిసి జరుగుతున్నాయి. ఒకటి కబుర్లు, రెండోది సమాచారం పోగుపడటం. కబుర్లకు మీవాళ్లు రోజూ తెరిచే యాప్ కావాలి. సమాచారానికి పదేళ్ల తర్వాత వెతికినా దొరికే చోటు కావాలి. మెయిళ్ల మీద నడిచిన యాహూ గ్రూప్స్ రోజుల నుంచి ఇలాంటి గ్రూపులు నడుపుతూ, నడిపేవాళ్లకు సాయం చేస్తూ ఉన్నాను. ఈ రెండూ ఒకేచోట కుదిరినవి బాగా అరుదు. అందుకని నా సలహా ఇది: వాట్సాప్‌ను కబురు పంపడానికి మాత్రం ఉంచండి. రోజువారీ ముచ్చట్లు టెలిగ్రామ్‌కు మార్చండి. పాటల వివరాలు మొదట ఒక గూగుల్ షీటులో, నిలదొక్కుకున్నాక సొంత సైటులో పెట్టండి. ఎందుకో ఇప్పుడు వివరంగా చెబుతాను.

పాత పాటల గ్రూపుల్లో విలువైనది ఏమిటో మీకు తెలియనిది కాదు. "ఈ పాట రాసింది ఆత్రేయా, ఆరుద్రా?" అని ఎవరో అడుగుతారు. అప్పటి సినిమాల టైటిల్స్‌లో చాలాసార్లు "పాటలు" అని వేసి నలుగురి పేర్లు వరసగా ఇచ్చేవారు, ఏ పాట ఎవరిదో చెప్పేవారు కాదు. యూట్యూబ్‌లో వీడియో పెట్టినవాళ్లు తోచిన పేరు వేస్తారు, మిగతావాళ్లు దాన్నే దించుకుంటారు. ఇలాంటప్పుడు దారి చూపేవి రెండు. ఒకటి థియేటర్ దగ్గర అణాలకు అమ్మిన పాటల పుస్తకం, రెండోది గ్రామఫోను రికార్డు లేబుల్. మీ సభ్యుల్లో ఒకాయన దగ్గర ఆ పుస్తకం ఉంటుంది. పేజీ ఫోటో తీసి పెడతాడు. అక్కడితో ఎన్నాళ్ల వాదమో తేలిపోతుంది. రెండు రోజులకల్లా ఆ ఫోటో గుడ్ మార్నింగ్ బొమ్మల కింద పడిపోతుంది. మూడు నెలలకు ఇంకొకరు అదే ప్రశ్న అడుగుతారు. ఈసారి ఆ పెద్దాయన విసుక్కుని ఊరుకుంటాడు.

రేడియో సిలోన్ తెలుగు కార్యక్రమంలో ఏ పాట ఎక్కువగా వేసేవారో, విజయవాడ రేడియో కేంద్రం లలితగీతాల్లో ఏది సినిమాకంటే ముందే వచ్చిందో, ఫలానా పాటలో వేణువు ఎవరిదో చెప్పగలవాళ్లు ఇప్పుడు డెబ్బై, ఎనభైల్లో ఉన్నారు. వాళ్లు చెప్పింది ఎక్కడ పడుతుందన్నదే మీ ఎంపికలో అసలు సంగతి. సభ్యుల సంఖ్య, అందమైన యాప్, వీడియో కాల్ సౌకర్యం, ఇవన్నీ దాని తర్వాతే.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అద్దె ఇల్లు ఎంత బాగున్నా ఓనరు ఖాళీ చేయమంటే చేయాల్సిందే. ఫేస్‌బుక్ లాంటిదే అయిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది. యాహూ గ్రూప్స్ 2019 అక్టోబరు చివర్లో కొత్త ఫైళ్లు ఎక్కించడం ఆపేసింది, తర్వాత పాత ఫైళ్లు, ఉత్తరాలు తీసేసింది, 2020 డిసెంబరు 15న పూర్తిగా మూసేసింది. సకాలంలో దించుకున్నవాళ్లకు తమ ఉత్తరాలు మిగిలాయి, మిగతావాళ్లకు ఏమీ మిగల్లేదు. ఇది మనవాళ్ల గోడు మాత్రమే కాదు. కొరియా పాప్ అభిమానులు ఏళ్ల తరబడి ప్రత్యక్ష ప్రసారాలు చూసిన వీ లైవ్ కూడా 2022 డిసెంబరు 31తో ఆగిపోయింది. దాన్ని నడిపింది నేవర్ లాంటి పెద్ద కంపెనీ. కంపెనీ పెద్దదైనంత మాత్రాన సేవ నిలుస్తుందని నమ్మకం లేదు.

కాబట్టి ఏ చోటుకు వెళ్లినా ముందు తేల్చుకోవాల్సింది ఇదే: ఇక్కడ పెట్టినదంతా నేను మూటగట్టుకుని బయటికి తీసుకుపోగలనా? దాని వెంటే ఇంకొకటి: నాకు ఒంట్లో బాగాలేకపోతే తాళంచెవి ఇంకెవరి దగ్గరుంది? అభిమానుల గ్రూపులు గొడవలతో చెడిపోవడం కంటే, అడ్మిన్ ఒక్కడే ఉండి, ఆ ఒక్కడూ ఫోన్ మార్చుకునో, విసిగిపోయో, కాలం చేసో ఆగిపోవడమే ఎక్కువ చూశాను.

ఇక ఒక్కొక్కటీ.

వాట్సాప్ గ్రూపులో 1,024 మందికి మించి చేరలేరు. నిండిందని రెండో గ్రూపు పెడితే మనుషులు చీలిపోతారు, రెండు చోట్లా ఒకే ఫార్వర్డులు తిరుగుతాయి. కొత్తగా చేరినవాళ్లకు ఏళ్లనాటి సంభాషణ దొరకదు. గ్రూపులో అందరి ఫోన్ నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. ఆడవాళ్లు చాలామంది మాట్లాడకుండా ఉండిపోవడానికి ఇదొక కారణం. "మీ పాట బాగుందండీ" అని అపరిచితుల మెసేజ్‌లు మొదలవుతాయి మరి. అయినా వాట్సాప్‌ను వదిలేయమని చెప్పను. మీవాళ్లు పొద్దున లేచి చూసేది దాన్నే. కమ్యూనిటీస్ అన్న ఏర్పాటు ఉంది, అందులో ప్రకటనల గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాస్తారు, సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు. "ఈ ఆదివారం సాయంత్రం సుశీల గారి పాటలు, లింకు ఇదీ" అని కబురు పెట్టడానికి అంతకంటే మంచిది లేదు. వాట్సాప్‌ను అక్కడితో ఆపండి.

ఫేస్‌బుక్ గ్రూపు మీవాళ్ల వయసుకు బాగా అలవాటైనది, ఒప్పుకుంటాను. ఒక పోస్టు కింద ఆ పాట గురించిన మాటలన్నీ ఒకేచోట ఉంటాయి, అది వాట్సాప్‌లో లేని సుఖం. ఇబ్బందులు మూడున్నాయి. ఎవరికి ఏ పోస్టు చూపించాలో ఫేస్‌బుక్కే నిర్ణయిస్తుంది, ఆరాధనగా రాసిన వ్యాసం పదిమందికి కనపడి, తంబోలా ఆటలాంటి పజిల్ వెయ్యిమందికి కనపడుతుంది. రెండోది, కరోకే ట్రాక్ మీద మీ సభ్యురాలు సొంతంగా పాడి పెట్టినా హక్కుల తనిఖీలో పట్టుబడి వీడియో మూగబోవచ్చు. మూడోదే నాకు అన్నిటికంటే పెద్దది: గ్రూపులో పదేళ్లుగా పోగైనదాన్ని అడ్మిన్ మొత్తంగా దించుకునే దారి లేదు. బయటి ప్రోగ్రాములకు ఉన్న గ్రూప్స్ ఏపీఐ అన్న తలుపును కూడా 2024 ఏప్రిల్‌లో మూసేశారు. ఇప్పటికే ఫేస్‌బుక్‌లో పెద్ద గ్రూపు ఉన్నవాళ్లు దాన్ని కొత్తవాళ్లను ఆకర్షించే గుమ్మంగా ఉంచుకోవచ్చు. మీకు లేదు కాబట్టి కొత్తగా మొదలుపెట్టనక్కర్లేదు.

టెలిగ్రామ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీకు పనికొచ్చేదీ అదే, తేడా వస్తే ముంచేదీ అదే.

ఒక గ్రూపులో రెండు లక్షలమంది దాకా ఉండొచ్చు. సెట్టింగుల్లో ఒక్క మీట నొక్కితే, ఇవాళ చేరినవాళ్లకు కూడా మొదటి రోజు నుంచి రాసినదంతా కనపడుతుంది. ఫోన్ నంబరు ఎవరికీ కనపడకుండా పెట్టుకోవచ్చు. 2022 నవంబరు నుంచి టాపిక్స్ అన్న సౌకర్యం వచ్చింది, అంటే ఒకే గ్రూపులో గదులు కట్టుకోవచ్చు. మీకు అయిదు గదులు చాలు: "ఈ పాట వివరాలు కావాలి", "పాటల పుస్తకాలు, రికార్డు లేబుళ్లు", "నేను పాడిన పాట", "రేడియో జ్ఞాపకాలు", "పిచ్చాపాటీ". ఇరవై గదులు కట్టిన గ్రూపులు చూశాను, పద్దెనిమిది గదుల్లో బూజు పడుతుంది. పిచ్చాపాటీ గది మాత్రం తప్పనిసరి. అది లేకపోతే పండగ శుభాకాంక్షలన్నీ పాటల పుస్తకాల గదిలోకి వచ్చిపడతాయి. కంప్యూటర్‌లో టెలిగ్రామ్ డెస్క్‌టాప్ పెట్టుకుంటే గ్రూపు మొత్తాన్ని ఫోటోలతో సహా దించుకోవచ్చు. నెలకొకసారి ఆ పని చేసే బాధ్యత ఒకరికి అప్పగించండి.

పెద్దవాళ్లు టెలిగ్రామ్‌కు రారేమో అని మీ భయం. వాళ్లకు కష్టం యాప్ వాడటం కాదు, మొదటిసారి ఎక్కించుకోవడం. ఊరికొకరిని పెట్టుకుని ఫోన్ చేసి కూర్చోబెట్టి ఎక్కించండి. అక్షరాలు పెద్దవి చేసుకోవడం, గొంతుతో తెలుగు టైపు చేయడం కూడా అప్పుడే చూపించండి. గొంతుతో రాయడం అలవాటైన రోజు నుంచి డెబ్బై అయిదేళ్లాయన రోజుకు నాలుగు పేజీలు రాస్తాడు, అప్పుడు ఆపడం మన టెన్షన్ అవుతుంది.

ఇక ప్రమాదాల సంగతి. మొదటిది మోసగాళ్లు. టెలిగ్రామ్‌లో ఎవరైనా ఎవరికైనా మెసేజ్ పెట్టవచ్చు. షేర్ మార్కెట్ చిట్కాలు, క్రిప్టో, "మీ పార్శిల్ ఆగిపోయింది" రకాలు నేరుగా పెద్దవాళ్లకు వెళ్తాయి. వందమంది దాటిన గ్రూపులో సభ్యుల జాబితా దాచే వీలుంది, మొదటి రోజే దాచేయండి. "అడ్మిన్లు ఎప్పుడూ డబ్బు అడగరు, ఓటీపీ అడగరు" అని పైన పిన్ చేయండి. అడ్మిన్లందరూ రెండంచెల పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. గ్రూపు యాజమాన్యం ఇంకొకరికి మార్చాలన్నా అది ఉండి తీరాలి.

రెండోది ఎంపీత్రీలు. ఒక్కో ఫైలు రెండు జీబీ దాకా పంపవచ్చు కాబట్టి, చేరిన వారంలోనే ఎవరో ఒక ఉదారుడు "ఘంటసాల మాస్టారి పాటలు, మొత్తం జిప్" అని పెట్టేస్తాడు. అందరూ దండాలు పెడతారు. తీసేయాల్సింది మీరు. తీయకపోతే ఏమవుతుందో తెలియాలంటే 2022 ఆగస్టు నాటి ఢిల్లీ హైకోర్టు ఉత్తర్వు చూడండి. అది కోచింగ్ పుస్తకాలు, వీడియోలు అనుమతి లేకుండా పంచిన ఛానెళ్ల కేసు. వాటిని నడిపేవాళ్ల వివరాలు ఇవ్వాలని కోర్టు ఆదేశిస్తే టెలిగ్రామ్ ఇచ్చింది. నంబరు సభ్యులకు కనపడదంటే చట్టానికీ కనపడదని అర్థం కాదు. అయితే సభ్యుడు పెట్టిన ప్రతి పోస్టుకూ అడ్మిన్‌నే పట్టుకుంటారని హడలిపోనక్కర్లేదు. ఒక సభ్యుడు పెట్టిన అభ్యంతరకరమైన పోస్టుకు వాట్సాప్ గ్రూపు అడ్మిన్‌ను, అడ్మిన్ అన్న ఒక్క కారణంతో, బాధ్యుణ్ణి చేయలేమని కేరళ హైకోర్టు 2022 ఫిబ్రవరిలో చెప్పింది. అది వేరే రకం కేసు. తెలిసీ పాటల ఫైళ్లు ఉంచుకోవడానికి దాన్ని అడ్డం పెట్టుకోలేం.

"అరవయ్యేళ్లు దాటిన పాటలకు కాపీరైట్ ఏమిటండీ" అని మీ గ్రూపులోనే ఎవరో అంటారు, రాసి పెట్టుకోండి. సగం నిజం. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగు హక్కు, విడుదలైన ఏడాది తర్వాత అరవై ఏళ్లు ఉంటుంది. 1960లో విడుదలైన రికార్డు హక్కు 2020 ఆఖరుతో తీరిపోయింది. కానీ ఆ రికార్డులో ఉన్న మాటలకు, బాణీకి వేరే లెక్క ఉంది: రాసిన, కట్టిన మనిషి పోయిన ఏడాది తర్వాత మరో అరవై ఏళ్లు. ఘంటసాల గారు 1974లో పోయారు, ఆయన కట్టిన బాణీలకు 2034 ఆఖరుదాకా హక్కు ఉంటుంది. పింగళి నాగేంద్రరావు గారి మాటలకు 2031 దాకా. కృష్ణశాస్త్రి గారు 1980లో పోయారు కాబట్టి 2040 దాకా. ఆత్రేయ గారికి 2049 దాకా. "ముప్పై సెకన్ల లోపు అయితే ఫర్వాలేదు" అన్నది జనంలో ఉన్న నమ్మకం మాత్రమే, చట్టంలో అలాంటి అంకె లేదు. విమర్శ కోసం, సమీక్ష కోసం న్యాయంగా వాడుకునే వెసులుబాటు మాత్రం ఉంది. చరణంలో రెండు పాదాలు ఉదహరించి దాని మీద రాయడం వేరు, పాట మొత్తం ఎక్కించి కింద నమస్కారం పెట్టడం వేరు.

ఆచరణలో తేలిక పద్ధతి ఒకటుంది. పాట ఫైలు కాకుండా, హక్కులున్న కంపెనీ తన ఛానెల్‌లో పెట్టిన లింకు ఇవ్వండి. లింకులు చచ్చిపోతుంటాయి కాబట్టి లింకు ఒక్కటే పెట్టడాన్ని మీ గ్రూపులో నిషేధించండి. పల్లవి, సినిమా, సంవత్సరం, పాడినవారు, రాసినవారు, సంగీతం ఒక వరసలో రాసి ఆ కిందనే లింకు ఇవ్వాలి. లింకు పోయినా వరస మిగులుతుంది. రేడియోలోంచి టేపుల మీద ఎక్కించుకున్నవాటికి కూడా హక్కులుంటాయి, ప్రసారం మీద ప్రసార సంస్థకు పాతికేళ్ల హక్కు ఉంది. అలాంటి అరుదైన టేపులున్నవాళ్లను గ్రూపులో పెట్టమనకండి. ముందు వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి భద్రంగా రెండు కాపీలు దాచుకోమనండి, టేపు ఆగేది ఎంతకాలమో చెప్పలేం.

డిస్కార్డ్ గురించి మీ అబ్బాయి చెప్పింది తప్పేమీ కాదు, అతని వయసువాళ్లకు అదే సరైనది. గదులు, గొంతు గదులు, ఎవరికి ఏ హక్కులో తేల్చే పాత్రలు, అన్నీ చక్కగా ఉంటాయి. కొత్త ఇండీ బ్యాండుకో, ఇప్పటి సంగీత దర్శకుడికో ఇరవైల్లో ఉన్న అభిమానులు చేరే గ్రూపైతే ఈ జవాబు రెండు లైన్లలో ముగించి డిస్కార్డ్ అనేవాణ్ణి. మీ సభ్యులు మాత్రం ఆ తెర చూసి కంగారు పడతారు. ఒకప్పుడు అందరూ కలిసి పాట వినడానికి డిస్కార్డ్‌లో మ్యూజిక్ బాట్లు, అంటే అడిగిన పాట వినిపించే ప్రోగ్రాములు ఉండేవి. యూట్యూబ్ నోటీసులు ఇవ్వడంతో గ్రూవీ, రిథమ్ అనే రెండు పెద్ద బాట్లు 2021లో మూతపడ్డాయి. కాబట్టి "అక్కడ కలిసి వినొచ్చట" అన్న మాట ఇప్పుడు అంత సులువు కాదు. రెడ్డిట్ అన్న చర్చల సైటులో రాసింది గూగుల్‌లో దొరుకుతుంది, పేరు చెప్పకుండా మాట్లాడవచ్చు, బాగానే ఉంటుంది. అక్కడి తెలుగువాళ్లు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాసే కుర్రకారు. మీవాళ్లకు ఊరు కొత్తగా ఉంటుంది.

ఇప్పుడు దాచుకునే చోటు. వెబ్‌సైటు అనగానే అందరూ డిజైను, లోగో, పేరు దగ్గర ఆగిపోతారు. ముందు ఒక గూగుల్ షీటు తెరవండి. పల్లవికి రెండు గడులు పెట్టండి, ఒకటి తెలుగు లిపిలో, ఒకటి ఇంగ్లీషు అక్షరాల్లో. ఇంగ్లీషు అక్షరాల్లో ఘంటసాల పేరునే మనవాళ్లు నాలుగు రకాలుగా రాస్తారు, అందుకే వెతుకులాటలో దొరకదు. ఒక్క స్పెల్లింగు అనుకుని దాన్నే అందరూ వాడాలి. తర్వాత సినిమా, సంవత్సరం. సంవత్సరం లేకుండా సినిమా పేరు రాయవద్దు, ఒకే పేరుతో రెండు మూడు సినిమాలు వచ్చిన సందర్భాలు మనకు బోలెడు. తర్వాత పాడినవారు, రాసినవారు, సంగీతం, రాగం.

ఆ పక్కన "ఆధారం" అని ఒక గడి. షీటు మొత్తంలో ముఖ్యమైనది ఇదే. పాటల పుస్తకమా, రికార్డు లేబులా, టైటిల్స్‌లోనా, పాడినవారి ఇంటర్వ్యూలోనా, ఫలానా సభ్యుడి జ్ఞాపకమా, ఉన్నది ఉన్నట్టు రాయాలి. జ్ఞాపకం కూడా ఆధారమే, అయితే జ్ఞాపకమని రాయాలి. రాగం దగ్గర తగువులు వస్తాయి. సినిమా పాట ఒక రాగంలో నడుస్తూ మధ్యలో పరాయి స్వరం పట్టుకుంటుంది, ఇద్దరు విద్వాంసులు రెండు పేర్లు చెబుతారు. తీర్పు చెప్పకండి, రెండూ రాసి ఎవరిది ఏ మాటో పక్కన పెట్టండి. షీటులో రాసే హక్కు నలుగురైదుగురికే ఉండాలి. మిగతావాళ్లు చూడవచ్చు, వ్యాఖ్య పెట్టవచ్చు. టెలిగ్రామ్‌లో ఏదైనా తేలిన రోజు, ఆ నలుగురిలో ఒకరు షీటులో ఎక్కించి "ఎక్కించాను" అని కింద రాస్తారు. ఈ ఒక్క అలవాటు పడితే మీ గ్రూపు నిలబడినట్టే, పడకపోతే ఎంత గొప్ప సైటు కట్టినా ఖాళీగా ఉంటుంది.

షీటులో కొన్ని వందల పాటలు చేరాక సైటు గురించి ఆలోచించండి. సర్వర్ వ్యవహారం తెలిసినవాళ్లు ఇద్దరైనా ఉంటే డిస్కోర్స్ మంచిది. చర్చావేదిక సైటు నడపడానికి ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అది. ఒక జీబీ మెమరీ ఉన్న చిన్న సర్వర్ మీద నడుస్తుంది. గూగుల్‌కు దొరుకుతుంది. బ్యాకప్ మొత్తం ఒకే ఫైలుగా దిగుతుంది. వచ్చిన మెయిలుకు జవాబిస్తే అది నేరుగా చర్చలో చేరేలా పెట్టుకోవచ్చు. అమెరికాలో ఉన్న మీ పాత మెయిలింగ్ లిస్టు మనుషులకు ఇది ప్రాణం. కర్ణాటక సంగీతం వాళ్ల రసికాస్ సైటు చూడండి, పాత పద్ధతి పీహెచ్‌పీబీబీ సాఫ్ట్‌వేర్ మీదే ఏళ్ల తరబడి నడుస్తోంది. చూడ్డానికి ఏ హంగూ లేదు. త్యాగరాజ కీర్తనలో ఒక పాఠాంతరం గురించి ఎప్పుడో జరిగిన చర్చ ఇవాళ వెతికినా చేతికి వస్తుంది. కబుర్లూ దాచుకోవడమూ ఒకేచోట కుదిరిన అరుదైన వాటిలో అదొకటి. అక్కడివాళ్లు కంప్యూటర్ ముందు కూర్చుని తీరిగ్గా రాసే రకం కాబట్టి కుదిరింది. మీవాళ్లు ఫోన్‌లో, ప్రయాణంలో, వంటింట్లో రాస్తారు.

సాంకేతికం తెలిసినవాళ్లు లేకపోతే డిస్కోర్స్ జోలికి పోవద్దు. అప్‌డేట్ చేయక, మెయిళ్లు వెళ్లక, ఏడాదికల్లా పాడుబడుతుంది. బ్లాగర్‌లో ఒక బ్లాగు తెరవండి, ఒక్కో సినిమాకు ఒక్కో పేజీ. పైసా ఖర్చు లేదు, మొత్తం దించుకునే వీలూ ఉంది. ఆధారంతో తేలిన విషయాలను తెలుగు వికీపీడియాలో కూడా చేర్చండి. 2003 నుంచి ఉన్నది, ఎవరైనా కాపీ చేసి దాచుకోగలిగేది, మీ గ్రూపు పోయినా అక్కడ మిగులుతుంది. పాటల సాహిత్యం మొత్తం మాత్రం అక్కడ పెట్టకూడదు, ఇందాక చెప్పిన కారణమే.

ఆదివారం పాటల కచేరీ ఎక్కడ పెట్టుకోవాలో మీరు అడగలేదు గానీ, అది లేకపోతే గ్రూపులో ప్రాణం ఉండదు కాబట్టి చెబుతున్నాను. జూమ్ ఉచిత ఖాతాకు నలభై నిమిషాల హద్దు, గూగుల్ మీట్‌లో ముగ్గురు, అంతకు మించి ఉంటే గంట. టెలిగ్రామ్ వాయిస్ చాట్‌కు అలాంటి హద్దు లేదు. ఎక్కడైనా సరే, ఇద్దరు కలిసి యుగళగీతం పాడటం కుదరదు. శబ్దం ఆలస్యంగా చేరుతుంది, తాళం తప్పుతుంది. ఒకరి తర్వాత ఒకరే పాడాలి. ఈ యాప్‌లన్నీ మాట కోసం చేసినవి, ఆగకుండా మోగే శ్రుతిని రణగొణధ్వని అనుకుని కోసేస్తాయి. రాగాలాపన మధ్యలో గొంతు మాయమైందంటే నెట్టు తప్పు కాకపోవచ్చు. జూమ్‌లో సంగీతకారుల కోసం "ఒరిజినల్ సౌండ్" అన్న సెట్టింగు ఉంది, పాడేవాళ్లు అది ఆన్ చేసుకోవాలి. డిస్కార్డ్‌లో అయితే నాయిస్ సప్రెషన్ ఆపేయాలి. స్పీకరులో ట్రాక్ పెట్టి పాడితే ప్రతిధ్వని వస్తుంది, ఇయర్‌ఫోన్లు పెట్టుకోమనండి. ఎప్పుడైనా ఊళ్లో హాలు తీసుకుని పబ్లిక్‌గా కార్యక్రమం పెడితే ఐపీఆర్‌ఎస్ (పాటల రచయితల, సంగీత దర్శకుల హక్కుల సంస్థ) లైసెన్సు సంగతి ముందే కనుక్కోండి.

నియమాలు ఎక్కువ పెట్టకండి. గుడ్ మార్నింగ్ బొమ్మలు వద్దు, రాజకీయాలు వద్దు, హీరోల అభిమాన సంఘాల కొట్లాటలు వద్దు. ఘంటసాల గొప్పా బాలు గొప్పా అన్న చర్చను మాత్రం పూర్తిగా నిషేధించకండి, మూడు నెలలకొకసారి ఎలాగూ వస్తుంది. మనుషులకు అదొక సరదా. ఎవరి కులమో, ప్రాంతమో దాంట్లోకి దిగిన నిమిషంలో ఆపేయండి, సంజాయిషీ చెప్పనక్కర్లేదు. అడ్మిన్లు ముగ్గురికి తక్కువ ఉండకూడదు, వాళ్లలో ఒకరైనా ఆడవాళ్లు, ఒకరైనా అమెరికా సమయంలో మేలుకుని ఉండేవాళ్లు అయితే మంచిది. రాత్రి మనం పడుకున్నాకే స్పాములు వస్తాయి.

మారే పద్ధతి: అందరినీ ఒకేసారి లాగొద్దు. బాగా రాసేవాళ్లు ప్రతి గ్రూపులోనూ కొద్దిమందే ఉంటారు. ముందు వాళ్లను టెలిగ్రామ్‌కు తీసుకెళ్లి నెల రోజులు మాట్లాడుకోనివ్వండి. ఆ తర్వాత వాట్సాప్‌లో రోజుకొక ముక్క వదలండి, "ఈ పాటకు పాటల పుస్తకం పేజీ దొరికింది, టెలిగ్రామ్‌లో ఉంది" అని. జనం వాళ్లంతట వాళ్లే వస్తారు. వచ్చే సంఖ్య తక్కువగా ఉంటుంది, సగం కూడా రాకపోవచ్చు. కంగారు పడకండి, మిగతావాళ్లు వాట్సాప్‌లో కూడా చదివేవాళ్లు కాదు. పాత వాట్సాప్ గ్రూపును మూసేముందు చాట్ ఎగుమతి చేసి, ఫోటోలతో సహా ఒక డిస్కులో పెట్టండి. అందులోంచి పాటల పుస్తకాల పేజీలు ఏరి షీటులో చేర్చడమే మీ మొదటి పని.

ఖర్చు. షీటు, బ్లాగరు, టెలిగ్రామ్ దశలో ఏమీ లేదు. సొంత సైటుకు వెళ్తే డొమైన్ ఏడాదికి సుమారు వెయ్యి రూపాయలు, చిన్న సర్వర్ నెలకు ఆరు నుంచి పన్నెండు డాలర్లు. దీనికి వెయ్యిమంది దగ్గర చందాలు ఎత్తవద్దు, లెక్కలు చెప్పలేక గొడవలు వస్తాయి. నలుగురైదుగురు పెట్టుకుని, లెక్క గ్రూపులో పిన్ చేస్తే చాలు. డొమైన్ ఒకరి కార్డు మీద ఉన్నా, ఆ ఖాతా వివరాలు రెండోవారి దగ్గర కూడా ఉండాలి. రికార్డుల సేకరణ, పెద్ద కార్యక్రమాలు అంటూ డబ్బు పెరిగితే సొసైటీగా రిజిస్టరు చేసుకోవచ్చు, ఆంధ్ర, తెలంగాణల్లో అయితే 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులు కావాలి. అప్పుడు అమెరికావాళ్ల డబ్బు దగ్గర జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన డబ్బు ఇస్తే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఓసీఐ కార్డు ఉన్నా విదేశీ మూలం కిందికే వస్తారు, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేకుండా సంఘం వాళ్ల దగ్గర విరాళం పుచ్చుకోకూడదు. ఆ దశకు వచ్చినప్పుడు ఒక ఆడిటర్‌తో మాట్లాడాకే ఖాతా నంబరు ఇవ్వండి.